పొయ్యి గదిలోకి ఎవరు రావచ్చు

ఇరవై ఆరేళ్లుగా ఈ కొండల్లో నర్సమ్మ ఉద్యోగం చేస్తున్నాను. పేరు సోఫియా, మాది బొబ్బిలి దగ్గర పల్లె. పిల్లలకు టీకాలు వేయడం, గర్భిణుల బరువు తూచడం, జ్వరం వచ్చినవాళ్ల దగ్గర రక్తపు చుక్క తీయడం నా పని. తిట్టడం నా పనిలో లేదు గానీ ఎక్కువగా చేసేది అదే. ఏ ఇంటికి వెళ్లినా ముందు తలెత్తి కప్పు లోపలివైపు చూస్తాను. అది తారు పూసినట్టు నల్లగా ఉంటే, ఆ ఇంటి ఆడమనిషి ఛాతీ ఎలా ఉందో చెప్పడానికి నాకు వేరే పరీక్ష అక్కర్లేదు. కిటికీ పెట్టించుకో, పొగగొట్టం పెట్టించుకో అని మొదలెడతాను. దూరం నుంచి నన్ను చూసి "కిటికీల సిస్టరమ్మ వత్తంది" అని నవ్వుకుంటారట. నవ్వుకోనీ అనుకునేదాన్ని.

ఇది నిమ్మలపుట్టు రత్న సంగతి. ఇందులో తప్పు నాది కూడా ఉంది కాబట్టి నేనే చెప్పాలి.

బొర్రా దాటాక రోడ్డు దిగి గంటన్నర కొండెక్కితే నిమ్మలపుట్టు వస్తుంది. ఇరవై రెండు ఇళ్లు, అందరిదీ ఒకటే ఇంటిపేరు. రత్న ఆ ఊరి కోడలు. వయసు ముప్పై ఎనిమిది, చూసినవాళ్లు యాభై అంటారు. తల్లి కూలికి పోతుంటే ఏడో ఏట పొయ్యి ముందు కూర్చుంది. పదిహేడో ఏట పెళ్లయి ఆ పొయ్యి ముందు నుంచి లేచి ఈ పొయ్యి ముందుకు వచ్చింది. భర్త మంగరాజు బొర్రా గుహల దగ్గర వెదురు బొంగుల్లో కోడిమాంసం కాల్చి టూరిస్టులకు అమ్ముతాడు. మెత్తని మనిషి, ఎవరికీ ఎదురు చెప్పడు, అతని మీద నాకున్న కోపం అదే. ఆడపిల్లలిద్దరూ ఆశ్రమ పాఠశాలలో ఉంటారు. ఇంట్లో మిగిలేది రత్న, మంగరాజు, అతని తల్లి యర్రమ్మ.

యర్రమ్మకు డెబ్భై దాటాయి. అడ్డపొగ తాగుతుంది, అంటే చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని. అయినా ఆవిడకు దగ్గు లేదు. ఆవిణ్ణి చూసినప్పుడల్లా నాకు దేవుడి లెక్కల మీద అనుమానం వస్తుంది, ఆదివారం చర్చికి వెళ్లి మన్నించమని అడుగుతాను. అత్తాకోడళ్లకు రోజూ ఏదో ఒక గొడవ ఉండేది. కానీ రత్నకు దగ్గు తెర వచ్చిందంటే యర్రమ్మ చేతిలో పని వదిలేసి వచ్చి వెనక కూర్చునేది. వీపు రాస్తూనే తిట్టేది. తిట్టడం ఆగిందంటే దగ్గు తగ్గిందని మాకు తెలిసేది.

రెండేళ్లపాటు టీబీ అనుకున్నాను. తెమడ రెండుసార్లు పంపితే రెండుసార్లూ లేదనే వచ్చింది. చివరికి సంక్రాంతి దాటాక నేనే వెంటబెట్టుకుని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు ఎక్స్‌రే చూసి, రోజుకు ఎన్ని బీడీలు తాగుతావని అడిగాడు. రత్న సిగ్గుపడి నా వెనక్కి జరిగింది.

"తాగదండీ. పొయ్యి ముందు కూర్చుంటుంది, అంతే" అన్నాను.

"అయితే ఆ పొయ్యే తాగించింది. ఊపిరితిత్తులు సగం పోయాయి. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబడాలంటే పొగ ఆపాలి" అన్నాడు.

తిరిగి బస్సెక్కాం. ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా రత్న "నిలబడి వొండుకుంటే బాగుంటాది గదా సిస్టరమ్మా?" అంది. అప్పటికి నాకు అర్థమైంది, ఆమె దారి పొడుగునా మనసులో వంటగది కడుతోందని.

ఆ వారంలోనే ప్లాను గీశాం. పాత పోలియో పోస్టరు వెనక నేనే గీశాను. రత్న పొయ్యి గది లోపల నిలబడింది, నేను గడప ఇవతల కూర్చున్నాను. పిల్లల తల చుట్టుకొలత తీసే టేపు ఆమెకు ఇచ్చి, మోచేయి ఎత్తు ఎంతో చెప్పమన్నాను. గట్టు అంత ఎత్తు రావాలి. వెనక గోడ తీసేసి ఇటుకతో కట్టాలి. పొయ్యి మీద నుంచి ఇటుక పొగగొట్టం కప్పు దాటి మూరెడు పైకి పోవాలి. గడ్డి కప్పు బదులు రేకు. రత్న ఒక్కొక్కటే అడిగేది. కుండలకు ఒక అర కావాలంది, నీళ్లు బయటికి పోవడానికి ఒక తూము కావాలంది. అడిగి, ఎక్కువ అడిగానేమో అన్నట్టు అత్త వైపు చూసేది.

యర్రమ్మ అంతా విని "పొగ బయటికి పోతే నా గింజలకేటి?" అంది.

నాకు ఒళ్లు మండింది. కానీ ఆవిడ అన్నది అబద్ధం కాదు. పొయ్యి పైన అటక మీద ఎండిన ఆనపబుర్రల్లో చోళ్లు, సామలు, కంది విత్తనం పెట్టుకుంటారు. పొగ తగిలితేనే పురుగు పట్టదు. దానికి ఫల్గుణ ఉపాయం చెప్పాడు. ఫల్గుణ మంగరాజు చిన్నాన్న కొడుకు, విశాఖలో తాపీ పని నేర్చుకున్నాడు. ఆ ఇరవై రెండు ఇళ్లలో ఇటుక మీద ఇటుక సరిగా పెట్టగలిగినవాడు అతనొక్కడే. పొగగొట్టాన్ని అటకలోంచి పోనిచ్చి, అక్కడ రేకు తలుపు పెడతానన్నాడు. నెలకు రెండు రోజులు ఇల్లు ఖాళీ చేసి తలుపు తీస్తే గింజలకు పొగ, మిగతా రోజులు మూసేస్తే మనుషులకు గాలి. యర్రమ్మ రెండు రోజులు ఆలోచించి సరేనంది. గెలిచేశాననుకున్నాను.

ఇక్కడ నా తెలివి ఒకటి చెప్పాలి. ఇరవై ఆరేళ్లలో ఆ ఊళ్లో ఒక్క పొయ్యి గదిలోకి కూడా నేను అడుగు పెట్టలేదు. ఎవరూ రావద్దనలేదు. ముందుగదిలో చాప వేసేవారు, అక్కడే కూర్చునేదాన్ని, అక్కడి నుంచే తలెత్తి చూసేదాన్ని. వంటగది చిందరవందరగా ఉందని మొహమాటపడుతున్నారు అనుకునేదాన్ని. కిటికీల గురించి ఇంత మాట్లాడినదాన్ని, ఆ గడప గురించి ఒక్కసారి అడగలేదు.

చైత్రంలో విత్తనాలకు పూజ చేసి వేటకు వెళ్లే ఇటుకల పండగ అయ్యాక ఫల్గుణ పని మొదలుపెట్టాడు. ఆ రోజు ఉదయం నేనూ వెళ్లాను. యర్రమ్మ పొయ్యిలోని నిప్పుకణికలు పెంకులో ఎత్తుకుని ముందుగదిలోకి తెచ్చి, మూడు రాళ్ల మధ్య పోసింది. పోస్తూ ఎవరితోనో మాట్లాడింది.

"కొన్నాళ్లు ఇరుకులో సర్దుకోండి. మీ కోడలికి ఊపిరాడతం నేదు. బేగి మీ గది మీకు ఇచ్చేత్తాం."

వాళ్ల పెద్దలు, అంటే ఆ ఇంట్లో పుట్టి పోయినవాళ్లందరూ, పొయ్యి దగ్గరే ఉంటారని నాకు తెలుసు. ఆ మాట విని ముచ్చటపడ్డాను కూడా. ఫల్గుణ గడ్డి లాగేశాడు, వాసాలు దింపాడు, వెనక గోడ పడగొట్టాడు. రత్న ఆ గది మధ్యలో నిలబడి తల పైకెత్తింది. ఆమె వండే చోట పెళ్లయ్యాక మొదటిసారి ఎండ పడింది. ఆ పూట ఒక్కసారి కూడా దగ్గలేదు.

గోడ పునాది వేశాక ఫల్గుణకు పాత కంట్రాక్టరు దగ్గర నుంచి ఫోనొచ్చింది. పది రోజుల పని, అయిపోగానే వచ్చేస్తానని వెళ్లాడు. ఏడో రోజు రెండో అంతస్తు పరంజా మీద నుంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆరు నెలలు మంచం దిగకూడదన్నారు.

మే నెలాఖరులో వానలు దిగాయి. ఈ కొండల్లో వాన మొదలైతే రోజుల తరబడి కురుస్తూనే ఉంటుంది. కప్పు లేని పొయ్యి గదిలో నీళ్లు నిలిచాయి. పొయ్యి ముందుగదిలోనే ఉండిపోయింది. ఆ గదికి ఉన్నది ఒకటే తలుపు, వాన జల్లుకు అదీ మూయాలి. అక్కడే వంట, అక్కడే పడక. వంట లేనప్పుడు కూడా ఒక మొద్దు రాజుకుంటూనే ఉండాలి, ఎందుకంటే ఇంటి నిప్పు ఆరకూడదు. పాత గదికి కనీసం గడ్డి కప్పులో సందులుండేవి. పొగ ఆపడానికని నేను మొదలుపెట్టించిన పని, ఆ పొగను రత్న పడక పక్కన తెచ్చి పెట్టింది.

వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే చిన్న మిషన్ నా సంచిలో ఉంటుంది. ఏప్రిల్‌లో తొంభై చూపించింది. జూన్ మొదట్లో ఎనభై ఆరు. మిషన్ పాడయిందేమోనని నా వేలికి పెట్టుకున్నాను, తొంభై ఎనిమిది వచ్చింది.

చేయని ప్రయత్నం లేదు. పాత గడ్డి మళ్లీ కప్పమంటే, వాసాలు ఆనే వెనక గోడ లేదు, దింపిన గడ్డి వానకు కుళ్లిపోయింది. పొయ్యి బయట పశువుల సాలలో పెట్టుకోండి అన్నాను. సాలకు వాకిలి దాటాలి, ఇంటి నిప్పు ఆకాశం కిందికి రాకూడదన్నారు, వస్తే పెద్దలు దారి తప్పుతారట. గ్యాసు మీద వండమన్నాను. బండ ఎప్పుడో అయిపోయింది, వానల్లో జీపు పైకి రాదు, ఒకసారి మంగరాజు భుజాన మోసుకొచ్చినా రాజుకునే మొద్దు ఎక్కడికి పోతుంది? పక్కింట్లో పడుకోమన్నాను, పక్కిల్లూ అలాంటిదే. పుట్టింటికి పంపిద్దామంటే అక్కడ తల్లి లేదు, పొలంలో విత్తనం పడే రోజులు, రత్న వెళ్లనంది. మంగరాజు రెండు రోజులు గుహల దగ్గర పని మానేసి తనే గోడ కట్టాడు. వెదురు చీల్చమంటే అతని అంత నేర్పరి లేడు. గోడ మాత్రం నడుము ఎత్తు వచ్చి, మర్నాటి వానకు బోర్లా పడింది. ఆ ఇటుకల ముందు కూర్చుని తల పట్టుకున్నాడు. అతన్ని కూడా తిట్టి వచ్చాను, దారిలో నాకే ఏడుపొచ్చింది.

అప్పుడు వరప్రసాదం గుర్తొచ్చాడు. మా చర్చిలో పెద్ద, మంచి తాపీ మేస్త్రీ. సంగతి చెబితే ఇంకేం అడగలేదు. "ఏడెనిమిది రోజుల్లో లేపేద్దాం సిస్టర్ గారూ. వాన అయితే ఏటి, టార్పాలిన్ కట్టుకుంటాం" అన్నాడు. తాపీ, తాడు పట్టుకుని నాతో కొండెక్కాడు.

ఇంటి ముందు ఊరి పెద్ద మంగ్లు నిలబడి ఉన్నాడు. మేస్త్రీకి కూర్చోమని పీట వేశాడు, నీళ్లిచ్చాడు, ఇంటిపేరు అడిగాడు. వరప్రసాదం చెప్పాడు. మంగ్లు నా వైపు తిరిగాడు.

"పరాయి ఇంటిపేరోడు పొయ్యి గదిలోకి రాకూడదు సిస్టరమ్మా."

"అక్కడ గదేది? మూడు తడి గోడలు ఉన్నాయి, పొయ్యి కూడా లేదు" అన్నాను.

"పొయ్యి ఇంట్లోనే ఉంది. పెద్దలు ఇంట్లోనే ఉన్నారు. గది ఆళ్లదే. ఫల్గుణ మావోడు, సేసాడు. ఈయన మంచోడే, కాదన్ను. కానీ రాకూడదు."

"ఎప్పటికీ రాకూడదా?"

 మంగ్లు చెడ్డవాడు కాదు, డోలీ మోయాల్సి వస్తే ముందు భుజం పెట్టేది అతనే. "ఇంట్లో సావు జరిగితే రావచ్చు" అన్నాడు. "అప్పుడు నిప్పు ఆర్పేత్తాం. పెద్దలు పోయినోళ్లని తీసుకెళ్లడానికి ఎల్తారు, తొమ్మిది దినాలు ఇంట్లో ఉండరు. ఆ తొమ్మిది దినాలు ఎవులైనా రావచ్చు, అలకొచ్చు, కట్టొచ్చు."

నా నోరు నా మాట వినదు. "అంటే రత్న చచ్చిపోతే మేస్త్రీ లోపలికి రావచ్చు" అన్నాను. "అప్పటిదాకా ఆయన్ని ఇక్కడే కూర్చోబెట్టుకుందామా? ఎక్కువ రోజులు పట్టదులే."

 గుమ్మంలో రత్న గోడకు ఆనుకుని ఉంది, వినే ఉంటుంది. అరుగు మీద యర్రమ్మ నోట్లో చుట్ట బయటికి తీసి, ఆర్పి, చెవి పైన పెట్టుకుంది. నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. అనకపోతే ఏమయ్యేదో కూడా నాకు తెలుసు, అందుకే ఈ రోజుకీ ఎటూ తేల్చుకోలేను.

ఆ తర్వాత నాలుగో రోజు పొద్దున్నే కబురొచ్చింది. రత్న పెదాలు నీలంగా మారాయి. మంగ్లు, మరో ముగ్గురు డోలీ కట్టి వానలో రోడ్డు దాకా మోసుకొచ్చారు. మిషన్ డెబ్భై నాలుగు చూపించింది. అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టాక నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది. మాట్లాడొద్దన్నాను. మాట్లాడింది.

"అత్తని తిట్టకు సిస్టరమ్మా. ఆమెకీ దారి తెల్డం నేదు."

రెండో రోజుకు కుదుటపడింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, మళ్లీ అదే పొగలోకి పంపితే ఈసారి తీసుకురావాల్సిన పని ఉండదని చెప్పాడు. ఆ మాట చెప్పడానికి నిమ్మలపుట్టు వెళ్లాను. ఎలా చెప్పాలో తెలియలేదు. నా ఉద్యోగం మీద, ఆ ఊరి మీద, ఆ పెద్దల మీద, అందరి మీదా కసిగా ఉంది. చేతుల్లో ఏ ఉపాయమూ లేదు.

వెళ్లేసరికి ఊరంతా మంగరాజు వాకిట్లో ఉంది. మధ్యలో యర్రమ్మ కూర్చుని ఉంది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుంది.

"సావంటే ఏటి?" అని అడుగుతోంది మంగ్లుని. "ఇంటి నిప్పు మీద వొండింది తినకపోడం. గడప దాటి లోపలికి రాకపోడం. ఆ రెండూ నాను మానేత్తాను. ఇంకేటి కావాల మీకు?"

"నీకు ఊపిరుంది గదే" అన్నాడు మంగ్లు.

"ఊపిరి ఆ కోడలు గుంటకి నేదు. నాకుండి ఏటి సేసుకోవాల?"

మంగరాజు పుట్టాక మొదటిసారి ఎదురు చెప్పాడనుకుంటాను. "అమ్మా, వద్దు" అన్నాడు.

"నీ పెళ్లానికి దినాలు సెయ్యడం నీకు ఇష్టవా?" అంది యర్రమ్మ. 

ఊళ్లో పెద్దమనుషులు చింతచెట్టు దగ్గరికి వెళ్లి మాట్లాడుకున్నారు. బతికున్న మనిషికి దినాలు చేయకూడదని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదట, ఎందుకంటే ఎవరూ ఎప్పుడూ అడగలేదు. చాలాసేపటికి మంగ్లు తిరిగొచ్చాడు. "సేత్తే మొత్తం సెయ్యాల. తర్వాత బతికొత్తానంటే కుదర్దు. పోయినోళ్లు పోయినట్టే. ఏ ఇంటి ముద్దా నీకు రాదు" అన్నాడు. ఊరంతా ఒకటే ఇంటిపేరు అని ముందే చెప్పాను కదా.

"రానులే" అంది యర్రమ్మ.

డప్పు కొట్టారు. మంగ్లు ముందుగదిలోకి వెళ్లి మొద్దు మీద నీళ్లు పోశాడు. ఆ ఇంటి నిప్పు ఆరిన చప్పుడు బయటికి వినిపించింది. యర్రమ్మ లేచి తన కాళ్ల మీదే వల్లకాటికి నడిచింది, ఊరు వెనక నడిచింది. అక్కడ ఆవిడ పాత చీర, చుట్టలు పెట్టుకునే డబ్బా, కత్తిరించిన జుట్టు గోతిలో పెట్టి మట్టి వేశారు. మట్టి వేస్తుంటే పక్కనే నిలబడి చూసింది. నేను చివర్లో నిలబడి ప్రార్థన చేద్దామనుకున్నాను. బతికున్నవాళ్లకు చేసేదా, పోయినవాళ్లకు చేసేదా తెలియక ఊరుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ ఇంటివైపు రాలేదు. పశువుల సాలలోకి వెళ్లి గడ్డి మీద కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే వరప్రసాదానికి ఫోను చేశాను.

ఆ తొమ్మిది రోజులు నాకు జీవితాంతం గుర్తుంటాయి. తొమ్మిదో రోజు సాయంత్రం కొత్త నిప్పు వెలిగిస్తారు, వెలిగించాక పరాయివాడు లోపల ఉండకూడదు. ఒక్క ఇటుక మిగిలిపోయినా మళ్లీ ఒక మనిషి చావాలి. మంగరాజు పాత గోడ ఇటుకలు కడిగి వరసగా పేర్చాడు. ఇసుక, సిమెంటు, రేకులు రోడ్డు నుంచి ఊళ్లో ఆడామగా మోసుకొచ్చారు. సిమెంటు బస్తా ఒకటి దారిలోనే తడిసి రాయి అయిపోయింది. టార్పాలిన్ రెండుసార్లు గాలికి ఎగిరిపోయింది. నాలుగో రోజు గోడ ఇంకా పచ్చిగా ఉందని వరప్రసాదం పని ఆపి కూర్చుంటే, నేను సెలవు పెట్టి వెళ్లి అతన్ని తిట్టాను. "తిడితే సిమెంటు ఆరదు సిస్టర్ గారూ" అన్నాడు. సాయంత్రానికి మళ్లీ తాపీ పట్టుకున్నాడు. ఏడో రోజు గట్టు లేచింది. ఎనిమిదో రోజు పొగగొట్టం రేకు దాటింది. అటక దగ్గర రేకు తలుపు కూడా పెట్టాడు.

తొమ్మిదో రోజు వరప్రసాదం సామాను తీసుకుని గడప దాటి వచ్చాక, మంగ్లు వెదురు మీద వెదురు రాసి కొత్త నిప్పు పుట్టించాడు. పుల్లలు అంటుకున్నాయి. అందరం వాకిట్లో నిలబడి పైకి చూశాం. కాసేపటికి పొగగొట్టంలోంచి పొగ బయటికి వచ్చింది. గదిలో పొగ లేదు. ఇరవై ఆరేళ్లుగా నేను చూడాలనుకున్నది అదే. సాల వైపు చూడలేకపోయాను.

మర్నాడు రత్నను తీసుకొచ్చాం. తొంభై ఒకటి ఉంది. సాల సంగతి చెప్పే ధైర్యం లేక, ముందు వంటగది చూపిద్దామనుకున్నాం. ఈసారీ నేను గడప ఇవతలే ఆగాను. రత్న లోపలికి వెళ్లి గట్టు మీద చెయ్యి పెట్టింది. మోచేతికి సరిగ్గా వచ్చింది. అర చూసింది, తూములో చెంబుడు నీళ్లు పోసి బయటికి పోతున్నాయో లేదో చూసింది. మెల్లిగా, లోతుగా గాలి పీల్చింది. తర్వాత వెనక్కి తిరిగి "అత్తేది?" అంది.

 నేనే చెప్పాను. నేను తప్ప ఇంకెవరు చెబుతారు? చెబుతున్నంతసేపూ రత్న నా మొహం వైపే చూసింది.  అయ్యాక నన్ను తప్పించుకుని బయటికి నడిచింది. ఆమె వెనకే వెళ్లాను.

సాల పక్కన చూరు కింద యర్రమ్మ మూడు రాళ్లు పెట్టుకుని అంబలి కాచుకుంటోంది. పుల్లలు తడివి, పొగ దట్టంగా లేస్తోంది. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోడలు రావడం చూసి మొదట మొహం వెలిగింది. వెంటనే పొగ వైపు చూసింది, రత్న వైపు చూసింది.

"రాకు. పొగ" అంది.

రత్న వినలేదు. వెళ్లి ఎదురుగా చతికిలబడింది. గాలి మళ్లి పొగ ఆమె మొహం మీదికి వచ్చింది, దగ్గు తెర అందుకుంది. యర్రమ్మ లేవబోయి మళ్లీ కూర్చుంది. పోయిన మనిషి బతికున్నవాళ్ల వీపు రాయకూడదు. పక్కనున్న నీళ్ల కుండ ఎత్తి నిప్పు మీద గుమ్మరించింది. అంబలి సగం కూడా ఉడకలేదు. పొద్దుట నుంచీ ఆవిడ ఏమీ తినలేదని పక్కింటివాళ్లు చెప్పారు. ఆవిడ దగ్గర పొడి పుల్ల ఒక్కటీ లేదు.

దగ్గు ఆగేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం. నేను నోరు తెరిచాను గానీ తిట్టడానికి ఎవరూ కనబడలేదు. రత్న కళ్లు తుడుచుకుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. లేచి రెండడుగులు వెనక్కి వేసింది, ఇంకో రెండు వేసింది.

"నాను లోపలికి ఎల్లిపోతన్నాను అత్తా" అంది. "ఎండు పుల్లలు నీ కొడుకు చేత పంపుతాను. నాను కనబడనప్పుడు ముట్టించుకో."